కోడి మేతలో యాంటీబయాటిక్ మానేస్తే దాని బదులు ఏం వెయ్యాలి? పసుపు, వాము, మంచి బ్యాక్టీరియా: బందరు, గుడివాడ, దివిసీమ రైతుల కోసం

ఈ మధ్య గుడివాడ వైపు నుంచి, అవనిగడ్డ వైపు నుంచి కొంతమంది కోళ్ల రైతులు ఫోన్ చేసి దాదాపు ఒకటే ప్రశ్న అడిగారు. "మేతలో కలిపే యాంటీబయాటిక్ మానేద్దాం అనుకుంటున్నాం, దాని బదులు పసుపు వేస్తే సరిపోతుందా?" అని. ఒక పెద్దాయనైతే, "అబ్బాయ్, మా అమ్మ పెరట్లో కోళ్లకి వెల్లుల్లి, పసుపు, నేలవేము పెట్టేది, ఏ మందూ ఎరగదు, మరి నా షెడ్డులో ఎందుకు పనిచెయ్యదు?" అన్నారు. మంచి ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను: ఒక్క పసుపుతో సరిపోదు. కానీ యాంటీబయాటిక్ మానెయ్యడం మాత్రం కుదురుతుంది. ఎలా అన్నదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక తేడా చూద్దాం. కోడికి జబ్బు చేసింది, డాక్టర్ గారు చూశారు, ఇన్ని రోజులు ఇంత మందు అని రాసిచ్చారు, ఇచ్చాం. అది వైద్యం. దాని గురించి నాకు గొడవేం లేదు. రెండోది, ఏ జబ్బూ లేని కోడికి, పిల్ల దిగిన రోజు నుంచి బండెక్కే రోజు దాకా, టన్ను మేతకి ఇన్ని గ్రాములని రోజూ కొంచెం కొంచెం తినిపించడం. మన దగ్గర దీన్నే గ్రోత్ ప్రమోటర్ అంటున్నాం. ఈరోజు మాట్లాడేది దీని గురించి మాత్రమే.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే దానికి మన భీమవరంతో చుట్టరికం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు తెలుసు కదా. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరి అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, మిస్సోరిలో ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో దాన్ని ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటిది. మన మెడికల్ షాపుల్లో సీటీసీ అని అడుగుతాం చూడండి, క్లోర్‌టెట్రాసైక్లిన్, అదే ఇది. సుబ్బారావు గారు ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు.

అదే కంపెనీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అని ఇద్దరు కోళ్ల మేత మీద పనిచేస్తున్నారు. వాళ్లు వెతుకుతున్నది మందు కాదు, బీ12 విటమిన్. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిపోయిన పిప్పిలో బీ12 ఉంటుంది కదా అని దాన్ని కోడిపిల్లలకి పెట్టి చూశారు. పిల్లలు పెరిగాయి. అయితే బీ12 వల్ల ఎంత పెరగాలో అంతకంటే ఎక్కువ పెరిగాయి. ఆ పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్కే కారణమని తర్వాత తేలింది. 1950 కల్లా ఈ వార్త పేపర్లకెక్కింది. ఆ తర్వాత ప్రపంచమంతా కోళ్లకి, పందులకి మేతలో యాంటీబయాటిక్ కలపడం మామూలైపోయింది. ప్రాణాలు నిలిపిన మందే, పారేసే పిప్పి దారిలో మేతలోకి వచ్చింది.

మరి అంత బాగా పనిచేస్తే ఎందుకు మానాలి? రోజూ కొంచెం మందు తిన్న కోడి పేగులో బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది మిగులుతుంది. పది వేల కోళ్లలో, ఏడాదికి ఐదారు బ్యాచ్‌లు. అంటే తట్టుకునే బ్యాక్టీరియాని మనమే సాకుతున్నట్టు. పైగా బ్యాక్టీరియాలు ఆ తట్టుకునే గుణాన్ని ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. కొలిస్టిన్ అనే మందుంది. మనిషికి వేరే ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఐసీయూలో చివరగా వాడేది. దాన్ని కోళ్ల మేతలో కలిపేవాళ్లు. 2015 నవంబర్‌లో చైనా శాస్త్రవేత్తలు ఆ మందుని తట్టుకునే ఒక జన్యువుని పట్టుకున్నారు, ఎంసీఆర్-1 అని. అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి సులువుగా దూకేస్తుంది. పందుల్లో దొరికింది, అంగడి మాంసంలో దొరికింది, ఆసుపత్రి రోగుల్లో కూడా దొరికింది. 2019 జూలైలో మన కేంద్ర ఆరోగ్య శాఖ కొలిస్టిన్‌ని పశువులకి, కోళ్లకి, చేపలు రొయ్యల పెంపకానికి, మేతల్లోకి అమ్మకూడదని నిషేధించింది. పాత స్టాక్ అని ఎవరైనా చవగ్గా ఇస్తానంటే తీసుకోకండి.

బయటి దేశాల సంగతి రెండు ముక్కల్లో. స్వీడన్ 1986లోనే గ్రోత్ ప్రమోటర్లు ఆపేసింది. యూరోపియన్ యూనియన్ మొత్తం 2006 జనవరి 1 నుంచి ఆపింది. అమెరికాలో మనుషుల వైద్యానికి ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌ని పెరుగుదల కోసం వాడటం 2017లో ఆగింది. అక్కడ కోళ్ల పరిశ్రమ మూతపడలేదు కదా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన డెల్టాలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వేరే జిల్లాలో కోడి ఎరువు చేలోకి పోతుంది. మన దగ్గర చేపల చెరువులోకి కూడా పోతుంది. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు దారిలో వెళ్తే వరి చేను పక్కన చెరువు, చెరువు పక్కన కోళ్ల షెడ్డు. కోడి తిన్న యాంటీబయాటిక్‌లో చాలా భాగం అరక్కుండా రెట్టలో బయటికి వచ్చేస్తుంది. ఆ రెట్ట చెరువులోకి, ఆ చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి, ఆ డ్రెయిన్ బందరు దగ్గరో నాగాయలంక దగ్గరో సముద్రపు పాయలోకి. మధ్యలో రొయ్యల రైతు మోటారు పెట్టి అదే నీళ్లు తోడుకుంటాడు. రేపు అతని సరుకులో మందు అవశేషం ఉందని ఎగుమతిదారు వెనక్కి పంపితే "నేను ఏ మందూ వెయ్యలేదండీ" అని మొత్తుకున్నా వినేవాడుండడు. కోడి రైతు, చేప రైతు, రొయ్య రైతు వేరువేరు మనుషులైనా, వాడేది ఒకే నీళ్లు.

సరే, బదులు ఏం ఉన్నాయి? షాపుకెళ్తే "నేచురల్", "హెర్బల్" అని యాభై రకాల ప్యాకెట్లు. వాటిని నేను ఎలా చూస్తానో చెప్తాను.

మొదటిది మంచి బ్యాక్టీరియా, ప్రోబయాటిక్. దీని వెనక ఒక మంచి ఆలోచన ఉంది. ఫిన్లాండ్‌లో నూర్మి, రంటాలా అనే ఇద్దరు 1973లో ఒక చిన్న పని చేశారు. పెద్ద కోడి పేగులో ఉండే బ్యాక్టీరియాని ఒక రోజు పిల్లలకి తాగించారు. ఆ పిల్లలకి సాల్మొనెల్లా అంత సులువుగా అంటలేదు. బస్సులో సీట్లన్నీ ముందే నిండిపోతే ఇంకొకడికి చోటుండదు కదా, అంతే. పెరటి కోడి పిల్లలకి ఈ సీట్లు తల్లి రెట్టలోంచే నిండుతాయి. హేచరీ పిల్ల పుట్టాక తల్లిని చూడదు, పేగు ఖాళీగా వస్తుంది. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. వాళ్లమ్మగారి కోళ్లని కాపాడింది వెల్లుల్లి ఒక్కటే కాదు. తల్లి కోడి, ఎండ, ఇరుకు లేని చోటు కూడా. ఎకరం పెరట్లో ఇరవై కోళ్లకి సరిపోయిన వైద్యం ఒక చదరపు అడుగుకో కోడి ఉన్నచోట సరిపోదు.

ప్రోబయాటిక్ కొనేటప్పుడు చూడాల్సింది, లోపల ఏ బ్యాక్టీరియా ఉంది, గ్రాముకి ఎన్ని ప్రాణంతో ఉన్నాయి అని. లాక్టోబాసిల్లస్ అయితే వేడికి చస్తుంది, మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన ప్యాకెట్‌లో మిగిలేది పొడే. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి గింజ కట్టినట్టు స్పోర్ రూపంలో ఉంటాయి కాబట్టి పెల్లెట్ మిషన్ వేడిని కూడా తట్టుకుంటాయి. ఇంకోటి, ప్రోబయాటిక్ ఇస్తూ పక్కనే యాంటీబయాటిక్ ఇస్తే ఒక చేత్తో విత్తనం జల్లి ఇంకో చేత్తో కలుపు మందు కొట్టినట్టే. ఇలా రెండూ కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, డబ్బు దండగ.

రెండోది ఆర్గానిక్ ఆమ్లాలు. ఫార్మిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్. నా లెక్కలో వీటికి ఎక్కువ మార్కులు వేస్తాను. ఆమ్లం విడిపోకుండా ఉన్నప్పుడు బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి దూరుతుంది. లోపలికెళ్లాక విడిపోయి పులుపు చేస్తుంది. ఆ పులుపుని బయటికి తోడుకోవడానికే దాని శక్తంతా అయిపోయి చస్తుంది. సాల్మొనెల్లా, ఈ-కోలై మీద ఇది బాగా పనిచేస్తుంది. బ్యుటిరేట్ అయితే పేగు గోడ కణాలకి ఆహారం కూడా. ఇక్కడ మన ప్రాంతం వాళ్లకి ఒక జాగ్రత్త. దివిసీమలో బోరు నీళ్లు ఉప్పగా, క్షారంగా ఉంటాయి. నీళ్లలో కలిపే ఆమ్లం చాలావరకు ఆ క్షారాన్ని చంపడానికే అయిపోతుంది. ప్యాకెట్ మీద లీటరుకి ఇంత అని రాసింది వేరే ఊరి నీళ్లకి. మీ నీళ్లలో కలిపి పీహెచ్ పేపర్ ముంచి చూసుకోవాలి. ఆ పేపర్ పుస్తకం పెద్ద ఖరీదేం కాదు, రొయ్యల మందుల షాపులో ఎక్కడైనా దొరుకుతుంది.

మూడోది, అందరికీ ఇష్టమైంది, మొక్కల నుంచి వచ్చేవి. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, వెల్లుల్లిలో అల్లిసిన్, పసుపులో కర్క్యుమిన్. ఇవన్నీ గాజు పళ్లెంలో బ్యాక్టీరియాని చంపుతాయి, నిజమే. కానీ కోడి పేగు గాజు పళ్లెం కాదు. ఎంత చేరుతుంది, ఎక్కడిదాకా చేరుతుంది అన్నదే అసలు ప్రశ్న. వాము నూనె ఘాటు ఆవిరైపోయేది. వేడి మేతలో కలిపితే షెడ్డంతా వాసన వస్తుంది, కోడి కడుపులోకి పోయేది తక్కువ. అందుకే మంచి కంపెనీలు దాన్ని కొవ్వు పొరలో చుట్టి అమ్ముతాయి.

పసుపు గురించి ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఏరు దాటితే దుగ్గిరాల యార్డు, మనకి పసుపు కొత్త కాదు. పసుపు పొడిలో కర్క్యుమిన్ వందకి రెండు నుంచి ఐదు పాళ్లే. మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన చేశారు, 2008లో ప్రచురించారు. బూజు విషం, అంటే అఫ్లాటాక్సిన్, ఉన్న మేత తిన్న బ్రాయిలర్ పిల్లలకి టన్నుకి 5 కిలోల లెక్కన పసుపు పొడి ఇచ్చి చూస్తే ఆ విషం చేసే నష్టం కొంత తగ్గింది. తగ్గింది, పోలేదు. చూడండి, ఆరియోమైసిన్ మట్టి దొరికింది కూడా ఆ మిస్సోరి యూనివర్సిటీ పొలంలోనే. బీచ్ గాలి, ముసురు ఉండే బందరు ప్రాంతంలో మొక్కజొన్నకి బూజు పెద్ద సమస్య కాబట్టి పసుపుకి ఇక్కడ ఒక పాత్ర ఉంది.

కానీ లెక్క వేద్దాం. పసుపు పొడి కిలో 150 రూపాయలు అనుకోండి. టన్నుకి 5 కిలోలు అంటే 750 రూపాయలు. బ్రాయిలర్ బండెక్కేలోపు 3.6 కిలోల మేత తింటుందనుకుంటే టన్ను మేత 277 కోళ్లకి వస్తుంది. కోడికి 2 రూపాయల 70 పైసలు. అదే ఏదో ఒక ఆమ్లమో ప్రోబయాటిక్కో కిలో 300 పెట్టి టన్నుకి అరకిలో వేస్తే 150 రూపాయలు, కోడికి 54 పైసలు. లేయర్ రైతుకి చూస్తే, పది వేల కోళ్లు రోజుకి 110 గ్రాముల చొప్పున 1,100 కిలోలు తింటాయి. పసుపు రోజుకి ఐదున్నర కిలోలు, 825 రూపాయలు, నెలకి దాదాపు పాతిక వేలు. తొంభై శాతం గుడ్లు పెడితే గుడ్డుకి 9 పైసలు. గుడ్డు మీద పది పైసలు మిగిలితే పండగ అనుకునే రోజులున్నాయి. వంటింటి వస్తువు కదా చవక అనుకుంటాం, చవకేం కాదు. మీ సొంత పసుపులో విరిగిన ముక్కలు, నాసిరకం కొమ్ములు ఉంటే అది వేరే కథ. రంగు కలిపిన పొడి మాత్రం వద్దు.

ఇప్పుడు ఇంకో వైపు. మేత మార్పిడి, మీరు ఎఫ్‌సీఆర్ అంటారు కదా, 1.65 నుంచి 1.60కి తగ్గితే 2.2 కిలోల కోడి మీద 110 గ్రాముల మేత మిగిలినట్టు. మేత కిలో 40 అయితే 4 రూపాయల 40 పైసలు. అంటే పనిచేస్తే ఏ ప్యాకెట్ అయినా గిట్టుబాటే. "పనిచేస్తే" అన్న మాట దగ్గరే అంతా ఉంది. ప్యాకెట్ మీద రాసిన మాట నమ్మకండి, నా మాట కూడా నమ్మకండి, మీ షెడ్డులో తేల్చుకోండి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు యాప్‌లో ఏ చిన్న మార్పు పెట్టాలన్నా సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి లెక్క తీసేవాళ్లం. కోళ్లకీ అదే చెయ్యొచ్చు. షెడ్డు మధ్యలో వల కట్టండి. ఒకే హేచరీ, ఒకే రోజు పిల్లలు, రెండు వైపులా సమానంగా. ఒక వైపు మామూలు మేత, ఇంకో వైపు కొత్తది కలిపిన మేత. నీళ్లలో ఇచ్చేదైతే నిప్పిల్ లైను కూడా విడిగా ఉండాలి. వారానికోసారి రెండు వైపులా వందేసి కోళ్లు తూకం వెయ్యండి, చేతికి అందిన లావు కోళ్లని కాదు, ఒక మూల అడ్డం పెట్టి అందులో ఉన్నవన్నీ. చనిపోయినవి, తిన్న బస్తాలు నోటుబుక్‌లో రాయండి. ఒక్క బ్యాచ్‌తో తీర్పు చెప్పకండి, రెండు మూడు చూడండి. ఇలా చేస్తానంటే "మా ప్రోడక్ట్‌కి అవసరం లేదండీ, అంతా ప్రూవ్డ్" అనే సేల్స్‌మన్ దగ్గర కొనకండి.

కాంట్రాక్టు రైతుల సంగతి కూడా చెప్పాలి. బ్రాయిలర్ పెంచేవాళ్లలో చాలామందికి పిల్ల, మేత, మందు అన్నీ కంపెనీవే. కిలోకి ఇంత అని పెంపకం కూలి వస్తుంది. మేతలో ఏముందో రైతుకి తెలియదు, అడిగితే చెప్పరు. ఈ ఎపిసోడ్ వింటూ "నా చేతిలో ఏముంది?" అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. మేత మీ చేతిలో లేదు. నీళ్లు, ఊక, గాలి మీ చేతిలోనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే యాంటీబయాటిక్ కప్పిపుచ్చేది ఈ మూడిట్లోని లోపాలనే.

నీళ్లు తీసుకోండి. కాలవ కట్టేసిన వేసవిలో చెరువు నీళ్లో బోరు నీళ్లో వాడతాం. పైపు లోపల జిగురు పట్టేస్తుంది, వేలు పెట్టి చూస్తే జారుతుంది. టానిక్కులు, బెల్లం నీళ్లు పోసిన లైన్లలో అయితే మరీను. బ్యాచ్ దిగిన ప్రతిసారీ లైను కడగాలి. బ్లీచింగ్ వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి, క్షారపు నీళ్లలో క్లోరిన్ బలం బాగా తగ్గిపోతుంది. ఊక తడిస్తే కాక్సీ వస్తుంది, అంటే రక్తపు పారుడు. కాక్సీ పేగు గోడ చీల్చిన చోట క్లాస్ట్రీడియం చేరుతుంది, అప్పుడే ఒక్క రాత్రిలో కోళ్లు పడిపోయే పేగు జబ్బు. యాంటీబయాటిక్ మానగానే చాలామందికి తగిలే దెబ్బ ఇదే. కాబట్టి గ్రోత్ ప్రమోటర్, కాక్సీ మందు రెండూ ఒకేసారి ఆపకండి. ముసురు నెలల్లో మొదలుపెట్టకండి. నా సలహా, సంక్రాంతి దాటాక, పొడి రోజుల్లో దిగిన బ్యాచ్‌తో మొదలుపెట్టండి.

సొంతంగా మేత ఆడించుకునే బందరు వైపు రైతులకి ఇంకో మాట. గిలకలదిండి నుంచి ఎండు చేపల పొడి చవగ్గా వస్తుందని ఎక్కువ వేస్తుంటారు. ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్లు ఎక్కువ తాగి ఊక తడుపుతుంది. అరగని చేప మాంసకృత్తులు క్లాస్ట్రీడియానికి విందు. మొక్కజొన్న తేమ 12, 13 శాతం దాటితే బూజు గ్యారంటీ. ఇవి సరిచెయ్యకుండా వాము నూనె కొంటే ఉపయోగం లేదు.

టీకాలు మాత్రం ఆపకండి. కొక్కెర తెగులు వైరస్, దానికి పసుపూ పనిచెయ్యదు, యాంటీబయాటిక్కూ పనిచెయ్యదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా యాంటీబయాటిక్స్ కొనుక్కుని పెట్టుకున్నవాళ్లున్నారు. అది కూడా వైరస్సే. కోళ్లు హఠాత్తుగా చనిపోతుంటే పశువైద్యుడికి చూపించండి. మనకి గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది, దూరమేం కాదు. నిజంగా బ్యాక్టీరియా జబ్బని డాక్టర్ చెప్తే మందు వెయ్యండి, పూర్తి రోజులు వెయ్యండి, మందు ఆపాక ఎన్ని రోజులకి అమ్మాలో అడగండి.

ఇక్కడ లేయర్ రైతు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "రోజుకి తొమ్మిది వేల గుడ్లు, వారం రోజులు పారబొయ్యమంటావా?" అని. పారబొయ్యడు, ఎవరూ పారబొయ్యరు. అందుకే ఆ గుడ్లు మార్కెట్‌కి వస్తున్నాయి. దేశంలో పెట్టే ప్రతి ఐదు గుడ్లలో దాదాపు ఒకటి మన ఆంధ్రప్రదేశ్‌ది. 2014లో ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు 70 కోడి మాంసం నమూనాలు పరీక్షిస్తే వందకి నలభైలో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయి. రేపు మన గుడ్డు మీద అలాంటి రిపోర్ట్ వస్తే రేటు పడేది తప్పు చేసిన రైతుకి ఒక్కడికే కాదు.

ఇంకో చేదు విషయం. మందు లేకుండా పెంచిన గుడ్డుకీ, మందు వేసిన గుడ్డుకీ ఇవాళ విజయవాడలో నెక్ రేటు ఒకటే. కష్టపడి మానేసిన రైతుకి పైసా ఎక్కువ రాదు. సొంతంగా బ్రాండ్ పెట్టుకుని ట్రేల మీద స్టిక్కర్ వేసి అమ్మేవాళ్లకి కొంచెం వస్తుంది, మిగతావాళ్లకి లేదు. పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు, దానికో రేటు లేకపోతే ఈ మార్పు మంచివాళ్ల దయ మీద నడవాలి. దీని గురించి గుడ్ల వ్యాపారులతో మాట్లాడదామని అనుకుంటున్నాను, వాళ్లు ఒప్పుకుంటే అది ఒక ఎపిసోడ్ చేస్తాను.

అప్పటిదాకా ఎవరైనా వల కట్టి రెండు వైపులా తూకం వేస్తే, మీ నోటుబుక్ పేజీ ఫొటో తీసి పంపండి. ఫలితం రాకపోయినా పంపండి. పనిచెయ్యలేదు అన్న లెక్క కూడా పక్క ఊరి రైతుకి కావాలి. ఉంటానండి.